పురిటి కూలి

ఈ మధ్య చదువుకున్నవాళ్ళు నలుగురు చేరిన చోట ఒక ఫిర్యాదు తరచుగా వినబడుతోంది. బాలింతనూ పసిబిడ్డనూ కనిపెట్టుకొని రాత్రింబగళ్ళు యింట్లోనే వుండే ఆయా కావాలంటే పట్నంలో నెలకు ముప్ఫయి వేలకు పైమాటేనట. మనిషి దొరకడమే గగనం, దొరికినా అడిగినంత యివ్వవలసిందే, వాళ్ళకు ఆశ పెరిగిపోయింది అన్నది ఆ ఫిర్యాదు సారాంశం. ఈ మాట ఏ బంగారం కొట్టు యజమానో అంటే నేను కలం పట్టేదాన్ని కాదు. శ్రమజీవుల మీద సంపుటాలు అచ్చువేసుకున్న ఒక కవి అన్నాడు. స్త్రీల సమస్యల మీద పరిశోధన చేసిన ఒక అధ్యాపకురాలు అందుకు తల వూపింది. పక్కన కూర్చున్న పెద్దాయన "మా రోజుల్లో యివన్నీ వున్నాయా, అమ్మమ్మ ఒక్కతే పదిమందికి పురుళ్ళు పోసింది" అని నిట్టూర్చాడు. అందరూ అభ్యుదయవాదులే!

ధర ఎక్కువా తక్కువా అన్నది తర్వాత తేల్చుకుందాం. అంతకు ముందు అడగవలసిన ప్రశ్న వేరే వుంది. ఇన్నాళ్ళూ ఈ పని ఎవరు చేశారు? చేసినవాళ్ళకు ఎవరు ఏమిచ్చారు?

మాది కంగ్టి. 2016 దాకా మెదక్ జిల్లా, ఆ పైన సంగారెడ్డి జిల్లా. నారాయణఖేడ్ దాటి వచ్చాక భాష కూడా ఒక్కటిగా వుండదు. ఒక పక్క కర్ణాటక, మరో పక్క మహారాష్ట్ర. సంత రోజున తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల నుంచి వచ్చినవాళ్ళ లంబాడీ ఒక్క చాటలోనే చెరుగుతారు. బిడ్డను కన్న ఆడదాన్ని మేము బాలింత అంటాము. కన్నడంవాళ్ళు బాణంతి అంటారు, మరాఠీవాళ్ళు బాళంతీణ్ అంటారు. ఆమెకు చేసే సేవకు కూడా ఆ రెండు భాషల్లో పేర్లున్నాయి: బాణంతన, బాళంతపణ్. బిడ్డను బయటికి తీసే మనిషికి మంత్రసాని అనో దాయి అనో పేరుంది. కాని ఆ తర్వాత నలభై రోజులు నూనె రాసి, నీళ్ళు పోసి, పొత్తిగుడ్డలు వుతికి, అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకొని తిరిగే మనిషికి వృత్తి పేరంటూ లేదు. ఆవిడ తల్లి, అత్త, అక్క, వదినె, మేనత్త. చుట్టరికమే ఆమె పేరు. తెలుగు పాఠం చెప్పేదాన్ని గనుక నాకు ఈ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కూలి లేని పనికి భాష కూడా పేరు పెట్టలేదు. "పుట్టింటివాళ్ళు పురుడు పోశారు" అన్న వాక్యంలో ఖర్చు పెట్టిన తండ్రి కనిపిస్తాడు, నీళ్ళు కాచిన తల్లి కనిపించదు.

ఆ నీళ్ళు కాచడమంటే ఏమిటో మన సంప్రదాయ ప్రియులకు కాస్త గుర్తు చెయ్యాలి. తెల్లవారకముందే కట్టెల పొయ్యి మీద గాబు కాగాలి. బాలింత వొంటికీ బిడ్డ వొంటికీ వేరువేరుగా నూనె పట్టించాలి. బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకొని పోసే నీళ్ళకు చేతివాటం వుండాలి, లేకపోతే ముక్కులోకి పోతాయి. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ, బాలింత తలకు గుడ్డ, నడుముకు కట్టు. తర్వాత కాయం, వెల్లుల్లి కారం, పత్యపు అన్నం. ఆ పత్యంలో సగం అర్థం లేనిదే. పాలిచ్చే ఆడదానికి దాహం వేస్తే మంచినీళ్ళు కూడా కొలిచి పోసిన యిళ్ళు నేనెరుగుదును. సంప్రదాయాన్ని మెచ్చుకొనేటప్పుడు ఆ దాహాన్ని కూడా కలిపి మెచ్చుకోవాలి. ఈ చాకిరీ అంతా ఇంటి పెద్దావిడ వంటకూ పశువులకూ చేనుకూ అదనంగా చేసింది. పెద్దాయన చెప్పిన అమ్మమ్మ పది పురుళ్ళు పోసిందంటే, ఆమె వొంట్లో మిగిలిన సత్తువను పది వాయిదాల్లో తీసుకున్నారని అర్థం. ఆమెను అడిగినవాళ్ళు ఎవరు?

ఇంటి గడప దాటిన చాకిరీకైనా కూలి వుందా అంటే, దానికి కులం వుంది. మా ప్రాంతపు పల్లెల్లో మంత్రసానితనం చాలాచోట్ల మంగలి ఆడవాళ్ళది, కొన్నిచోట్ల మాదిగ ఆడవాళ్ళది. మైల గుడ్డలు చాకలి యింటికి పోయేవి. ప్రతిఫలం చాటెడు జొన్నలు, ఒక పాత చీర, కలిగిన యిల్లయితే నాలుగు రూకలు. గడీలలోనైతే అదీ లేదు. దొరసాని కూతురు అత్తగారింటికి పోతుంటే అరణంగా వెంట పంపిన ఆడబాపలు అక్కడ పురుళ్ళూ పోశారు, పిల్లలనూ పెంచారు. వాళ్ళ కడుపున పడ్డ బిడ్డలను పుట్టనిచ్చే హక్కు మాత్రం వాళ్ళది కాదు. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' చిత్రం చూసినవాళ్ళకు దీని గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. వెట్టికి వ్యతిరేకంగా 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగం పోరాడిందని మనం ఏటా సభలు పెట్టుకుంటున్నాము. పురిటి గదిలోని వెట్టిని ఆ సభల్లో ఎవరైనా తలుచుకోగా నేను వినలేదు.

ఇంకొక సంగతి. ఈ నలభై రోజుల విశ్రాంతి అందరి సంప్రదాయమూ కాదు. కూలి చేసుకొనే ఆడది ఎన్ని రోజులు మంచం మీద వున్నది? మా మండలంలో చెరుకు నరకడానికి వలసపోయే తండాల సంగతి తీసుకోండి. సరిహద్దు అవతల మహారాష్ట్ర చెరుకు తోటల్లో మొగుడూ పెళ్ళామూ కలిస్తేనే ఒక కొయిత, అనగా ఇద్దరికీ కలిపి ఒకే కొడవలి కింద లెక్క. పెళ్ళాం పడుకుంటే కొడవలి ఆగుతుంది, ముందే తీసుకున్న బయానా మీద బాకీ పెరుగుతుంది. కాబట్టి ఆమె పడుకోదు. "మన సంస్కృతిలో బాలింతకు ఎంత గౌరవం!" అని వ్యాసాలు రాసేవాళ్ళు ఆ "మన" అన్న మాటలో ఎవరెవరు వున్నారో ఒకసారి లెక్క చెప్పాలి.

ఇప్పటి సంగతికి వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. మంచిదే. మంత్రసాని కొడవలికి కాలం చెల్లినందుకు ఎవరూ ఏడవనక్కరలేదు. కాని అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో కాన్పుల్లో నూటికి 60.7 కడుపు కోసి చేసినవి. ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5. జనాభా మొత్తం మీద ఈ ఆపరేషన్లు నూటికి పది దాటినందువల్ల తల్లుల మరణాలు గాని శిశువుల మరణాలు గాని తగ్గుతున్న జాడ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రకటించింది. కడుపు కోయించుకున్న ఆడది వంగలేదు, బరువు ఎత్తలేదు, మంచం మీద నుంచి లేవడానికి మరో చెయ్యి కావాలి. ఆమెను నాలుగైదు రోజుల్లో యింటికి పంపిస్తారు. ఆ మరో చెయ్యి ఎవరిదన్నది ఆస్పత్రికి సంబంధం లేని విషయం. ఆపరేషనుకు బిల్లు వుంది, ఆ తర్వాతి ఆరు వారాలకు బిల్లూ లేదు, బాధ్యతా లేదు.

ప్రభుత్వం తరఫున గడపలోకి వచ్చేది ఆశా కార్యకర్త ఒక్కతే. ఆస్పత్రి కాన్పయితే మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవైయొకటి, ఇరవైయెనిమిది, నలభైరెండో రోజు, మొత్తం ఆరుసార్లు ఆమె వచ్చి బిడ్డ బరువు చూడాలి, బొడ్డు చూడాలి, తల్లికి జ్వరం వున్నదేమో చూడాలి. 2011లో కేంద్రం ఈ పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు ఈ ఆరు రాకలకూ కలిపి నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. రాకకు నలభైరెండు రూపాయలు కూడా పడలేదు. బాలింత సేవకు మన రాజ్యం కట్టిన విలువ అది. దీన్ని చూసి నిట్టూర్చిన పెద్దమనిషిని నేనింకా చూడలేదు. ముప్ఫయి వేలు అడిగిన ఆయాను చూసి మాత్రం అందరూ నిట్టూరుస్తున్నారు.

నా సొంత లెక్క చెప్పకుండా యితరుల లెక్కలు అడగడం న్యాయం కాదు. నేను అతిథి అధ్యాపకురాలిని. చెప్పిన గంటలకే డబ్బు. పరీక్షల సెలవుల్లో డబ్బు లేదు, ఎండాకాలంలో లేదు, కాన్పుకు లేదు. "అతిథి" అన్న పదాన్ని ఇంత క్రూరంగా వాడిన వాఙ్మయం మరొకటి లేదని నా నమ్మకం. కాన్పు ఆపరేషనుతో అయింది. మా ఆయన పట్నంలో ప్రైవేటు వుద్యోగి, ఆయనకు దొరికిన సెలవు నాలుగు రోజులు. పట్నంలో ఆయాలను పంపే ఒక ఏజన్సీకి ఫోను చేశాము. నెలకు 32 వేలు. ముందుగా ఏజన్సీకి 15 వేలు, అది తిరిగి రాదు. తిండీ పడకా మావి. పల్లెకు రావాలంటే ఇంకో మూడు వేలు ఎక్కువ! బాగా గంటలు దొరికిన నెలలో కూడా నా సంపాదన ఆ 32 వేలకు చేరదు. ఎమ్మే చదివి పాఠం చెప్పే ఆడది తన బిడ్డను చూసే మనిషికి తన నెల సంపాదన మొత్తం యిచ్చినా చాలదన్నమాట.

ఇక్కడే మధ్యతరగతి బుద్ధి దారి తప్పుతుంది. ఫోను పెట్టేసిన తర్వాత తిట్లన్నీ ఆ కనబడని ఆయాకే పోతాయి. కాని ఆ 32 వేలు ఆమెకు పోతున్నాయా? మా కంగ్టికి దగ్గరి తండా ఆడమనిషి ఒకామె మరో ఏజన్సీ ద్వారా పట్నంలో ఇదే పని చేస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నన్నూ పాపనూ చూడవచ్చింది. యింటివాళ్ళు నెలకు 32 వేలే కడుతున్నారు. ఆమె చేతికి వచ్చేది 22 వేలు. పదివేలు నెలనెలా ఏజన్సీవే. పలక మీద రాసి చూడండి. 22 వేలను ముప్ఫయి రోజులకు పంచితే రోజుకు 733 రూపాయలు. రోజుకు ఎన్ని గంటల పని అని అడిగితే ఆమె నవ్వింది. బిడ్డ రాత్రి ప్రతి రెండు గంటలకూ లేస్తుంది, పగలు వుతుకుడు, పాల సీసాలు మరగబెట్టడం, తల్లికి నూనె, వంటలో సాయం. నిద్ర మొత్తం కలిపి ఆరు గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా. తక్కిన పద్దెనిమిది గంటలకు పంచితే గంటకు నలభైయొక్క రూపాయలు పడదు. కవిగారు ఆశ పెరిగిపోయిందన్నది ఈ నలభై రూపాయల గురించే.

ఆమెకు రెండేళ్ళ కొడుకున్నాడు. "రాత్రి ఆళ్ళ పాపకు పాలు తాపుతుంటె నా పిలగాడు యాదికొస్తడక్కా. వాడు మా అత్తకాడ వున్నడు. అత్తకు కండ్లు సరిగ కనవడవు" అన్నది. ఆమె కాన్పయిన పన్నెండో రోజున పత్తి ఏరబోయిందట. పట్నపు బాలింత నలభై రోజులు పడుకోవడానికి కావలసిన చేతులు, తాము పన్నెండు రోజులే పడుకున్న ఆడవాళ్ళవి. అక్కడ ఒక బిడ్డ రెండు గంటలకోసారి పాలు తాగుతుంది; ఇక్కడ ఒక బిడ్డ కళ్ళు కనబడని ముసలమ్మ చేతుల్లో పెరుగుతుంది. ఆ ముసలమ్మకు కూలి ఎంత? గొలుసు చివరికి వచ్చేసరికి మళ్ళీ ఉచితమే.

మా యింట్లో కూడా చివరికి అదే జరిగింది. మా అమ్మ వచ్చింది. నలభై రోజులు చేనుకు పోలేదు, కూలికీ పోలేదు. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కనే వేసినా మా అమ్మ పోగొట్టుకున్నది 12 వేలు. విచిత్రమేమంటే 2017లో కేసీఆర్ కిట్ పథకం పెట్టినప్పుడు సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికి మగబిడ్డయితే 12 వేలు, ఆడబిడ్డయితే 13 వేలు విడతలుగా యిస్తామన్నారు. ఆ మొత్తాన్ని అమ్మమ్మ పోగొట్టుకున్న కూలే మింగేస్తుంది. తల్లి పోగొట్టుకున్న కూలి మాట సరే సరి. మా అమ్మకు 12 వేలు యివ్వబోతే "బిడ్డకు చేసినదానికి పైసలా?" అని కసిరింది. ఆమె సంస్కారం ఆమెది. కాని ఆ సంస్కారం మీద ఆధారపడి బడ్జెట్లు వేసే పెద్దలది సంస్కారం కాదు.

చట్టాలు లేవా అంటే వున్నాయి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చేశారు. ఆ జీతం చాలా చోట్ల యజమానే యివ్వాలి, ప్రభుత్వ వాటా లేదు. కాబట్టి ఆడవాళ్ళను పనిలో పెట్టుకోకపోవడానికి యజమానికి అదొక కారణం అయింది. పదిమంది లేని చోటికి, యింట్లో పనిచేసే ఆయాకు అది చేరనే లేదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ కనీసం ఆరు వేలు అన్నది. 2017లో తెచ్చిన మాతృవందన పథకం దాన్ని మొదటి బిడ్డకు మాత్రమే, అదీ ఐదు వేలు చేసింది. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్లయితే ఆరు వేలన్నారు. పార్లమెంటు చేసిన చట్టంలోని "ప్రతి" అన్న మాటను ఒక పథకపు నిబంధన తినేసింది. వ్యాకరణం చదువుకున్నవాళ్ళకైనా ఇది కోపం తెప్పించవద్దా?

ఇంటిపనివాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనికి కనీస వేతనాలు ప్రకటించింది. అది అమలైన యిల్లు ఏదో చూపించండి. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళకు గౌరవప్రదమైన పని గురించి 189వ ఒడంబడిక ఆమోదించింది. భారతదేశం అనుకూలంగా వోటు వేసి, ఆ తర్వాత దాన్ని ధ్రువీకరించకుండా వూరుకుంది. ఇంటిపనివాళ్ళ కోసం ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించే కమిటీ వేయమని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఇల్లు పవిత్రమైనది గనుక అది కార్ఖానా కాదట. బిడ్డకు అందులో రాత్రి పన్నెండుకూ రెండుకూ నాలుగుకూ పాలు కలిపే మనిషి మాత్రం ఆ పవిత్రతలోనే నిలబడి పనిచేస్తుంది.

ఇది తీరని సమస్య కాదు. నెదర్లాండ్సులో కాన్పయిన ప్రతి యింటికీ మొదటి పది రోజుల్లో శిక్షణ పొందిన ప్రసూతి సహాయకురాలు వస్తుంది. కనీసం 24 గంటల సేవ, అవసరాన్ని బట్టి 80 గంటల దాకా. ఖర్చులో అధిక భాగం అందరూ కట్టే ఆరోగ్య బీమాది. బాలింత గంటకు కొద్ది మొత్తం కట్టాలి. ఆ సహాయకురాలికి వృత్తి పేరుంది, జీతముంది, సాయంత్రానికి తన యింటికి పోతుంది. సింగపూరు ఇంకో దారి తొక్కింది: మలేషియా ఆడవాళ్ళకు బిడ్డ పుట్టినప్పటి నుంచి పదహారు వారాలకు మించని ప్రత్యేక పని అనుమతి యిచ్చి పిలిపించుకుంటుంది. ఒకటి సమాజం భరించడం, రెండోది పక్క దేశపు ఆడదాన్ని అరువు తెచ్చుకోవడం. మన పట్నాలు కంగ్టి తండాలను మలేషియా చేసుకున్నాయి, ఆ పదహారు వారాల కాగితం కూడా లేకుండా.

మార్క్సు 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఒక సంగతి ఎత్తి చూపాడు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక ఇంగ్లండులో మిల్లులు మూతపడ్డాయి. కూలీల యిళ్ళలో ఆకలి. అయినా ఆ ఆకలి రోజుల్లో తల్లులకు తమ బిడ్డలకు పాలివ్వడానికి తీరిక దొరికింది. మిల్లు నడిచే రోజుల్లో ఆ బిడ్డలను నల్లమందు కలిపిన ద్రవం పోసి పడుకోబెట్టేవారు. పని వుంటే బిడ్డకు నల్లమందు, పని లేకపోతే బిడ్డకు పాలు. మన అభ్యుదయ విమర్శలో మార్క్సు పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఈ పేజీ మాత్రం ఎందుకో ఎవరి కంటా పడలేదు. మహాశ్వేతాదేవి కంట పడింది: 'స్తనదాయిని'లో పెద్దింటి పిల్లలకు పాలిచ్చి బతికిన యశోద రొమ్ము క్యాన్సరుతో దిక్కులేక చనిపోతుంది. మన తెలుగులో అమ్మ మీద కవితలు బళ్ళకెత్తవచ్చు. ఆయా మీద? నేను చదివిన కథల్లో ఆమె నగలు దొంగిలిస్తుంది, లేకపోతే యజమాని బిడ్డ కోసం ప్రాణమిస్తుంది. జీతం అడిగిన ఆయా ఒక్క కథలోనూ నాకు తారసపడలేదు.

"అయితే ఆయాను పెట్టుకొనే ఆడవాళ్ళంతా దోపిడీదారులేనా?" అని నన్ను అడగవచ్చు. కాదు. కుట్లు ఆరని కడుపుతో, సెలవు లేని వుద్యోగంతో, సెలవు లేని మొగుడితో వున్న ఆడది సహాయం కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఆయాలను మాన్పించాలనీ నేననను. ఆ 22 వేలు మా తండాలో ఒక సంసారాన్ని నిలబెడుతున్నాయి. నా తగాదా "ధర ఎక్కువ" అన్న మాటతోనే. ఆ మాటలో ఒక వేతనజీవి మరొక వేతనజీవి కూలిని తగ్గించాలని కోరుతోంది. తగ్గవలసింది ఏజన్సీ వాటా. పెరగవలసింది ప్రభుత్వపు వాటా. రాత్రి పనికి వేరే కూలి, వారానికి ఒక పూర్తి రోజు సెలవు, ఏజన్సీలకు లైసెన్సు, వాళ్ళు పట్టుకొనే సొమ్ముకు హద్దు, ఆశా కార్యకర్తకు కార్మికురాలిగా జీతం, ప్రతి బాలింత యింటికీ ప్రభుత్వం పంపే సహాయకురాలు. వీటిలో చంద్రుణ్ణి తెచ్చివ్వమన్నది ఏదైనా వుందా?

మా అతిథి అధ్యాపకులం కొందరం కలిసి ప్రసూతి సెలవు కోసం వినతిపత్రం రాస్తున్నాము. ముసాయిదాలో నేను ఒక వాక్యం చేర్చాను: ఈ హక్కు మాకూ, మా యిళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకూ సమానంగా వర్తించాలి అని. మొదటి సమావేశంలో దాన్ని కొట్టేశారు. "అది మన పరిధిలోకి రాదు మేడం, అసలు విషయం పలుచబడుతుంది" అన్నారు. అన్నవాళ్ళలో ఇద్దరి యిళ్ళలో ఆయాలున్నారు. ముసాయిదా ఇంకా ఖాయం కాలేదు. వచ్చే ఆదివారం నారాయణఖేడ్‌లో మళ్ళీ కూర్చుంటున్నాము. ఆ వాక్యాన్ని, గంటకు నలభై రూపాయల లెక్కతో సహా, మళ్ళీ పెడుతున్నాను.